కోటకేనా చరిత్ర, కొట్టానికి లేదూ?

చరిత్ర అనగానే మన కళ్ళముందు కోట నిలబడుతుంది. కోట కాకపోతే గుడి. గుడి కాకపోతే ఒక రాగి శాసనం, ఒక రాజుగారు, ఆయన గెలిచిన యుద్ధాలు, ఆయన చేసుకున్న పెళ్ళిళ్ళు! పశువుల కొట్టం గుర్తొచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. ఎవ్వరూ ఎత్తరు. పెండ ఎత్తిన చేతులకు కూడా చరిత్ర ఉంటుందని మనకు బళ్ళో చెప్పలేదు, ఇంట్లో అంతకన్నా చెప్పలేదు.

నేను కోస్గి దాన్ని. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, 2019 నుంచి నారాయణపేట జిల్లా. మా వైపు పేడని పెండ అంటాం. వాకిట్లో కళ్ళాపి చల్లడాన్ని సాన్పి చల్లడం అంటాం. మాట ఏదైనా పని ఒకటే. తెల్లవారక ముందే లేచి, కొట్టం ఊడ్చి, పెండ తట్టకెత్తి, కొంత వాకిటికీ కొంత పిడకలకీ పంచి, ఆ తర్వాత పొయ్యి ముట్టించడం. మా అమ్మమ్మ పని అది, ఆమె అమ్మమ్మ పనీ అదే. ఆ పనికి మొదలెక్కడో చెప్పమంటే మన చరిత్ర పుస్తకం నోరు మెదపదు. శాతవాహనుల దగ్గర బయలుదేరి, కాకతీయుల మీదుగా గోలకొండ చేరుకుని చేతులు కడుక్కుంటుంది.

కడుక్కోవలసిందే మరి! ఎందుకంటే ఈ పాలమూరు నేలమీద సేద్యగాళ్ళ తొలి జాడలు దొరికింది పెండలోనే. ఎకసెక్కానికి అనడం లేదు. శాస్త్రజ్ఞులు తవ్వి తేల్చిన సంగతి.

పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉట్నూరని ఒక ఊరుంది. ఆదిలాబాదు వైపు ఉట్నూరు వేరు, ఇది వేరు. అక్కడొక బూడిద దిబ్బ ఉండేది. 1957లో ఎఫ్.ఆర్. ఆల్చిన్ అనే ఇంగ్లీషు పురావస్తు శాస్త్రవేత్త దాన్ని తవ్వాడు. జున్ను ముక్క కోసి చూసినట్టు, కందకం తీసి పొర తర్వాత పొర చూసుకుంటూ పోయాడు. ఏం దొరికాయి? నగలా? కిరీటమా? కాదు. నేలలో వరసగా గుంటలు! గుంజలు పాతిన గుంటలవి. గుంజలు ఏనాడో పోయాయి గానీ, ఆ గుంటల్లో నిండిన మన్ను రంగు వేరుగా ఉంది. ఆ రంగు వెంట పోతే ఒక కంచె తేలింది. కంచెలో పశువుల దొడ్డి. దొడ్డి నిండా కాలి బూడిదైన పేడ. ఆ మెత్తని బూడిదలో అచ్చుపడి అలాగే నిలిచిపోయిన పశువుల గిట్టల గుర్తులు! దొడ్డి కాలింది, మళ్ళీ కంచె కట్టారు. మళ్ళీ కాలింది, మళ్ళీ కట్టారు. నాలుగు వేల ఏళ్ళకు పైబడిన మాట ఇది. శాతవాహనులు పుట్టడానికి ఇంచుమించు రెండు వేల ఏళ్ళ ముందు మాట.

నాకు ఆ గిట్టల గుర్తుల గురించి మొదటిసారి చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. తాజ్‌మహల్ చూసినప్పుడు కూడా అంత జలదరించలేదు. తాజ్‌మహల్ కట్టించినవాడికి పదిమంది గుర్తుంచుకోవాలనే కోరిక ఉంది. ఆ ఆవుకేం కోరిక? మేత మేసి సాయంత్రం ఇంటికొచ్చింది, అంతే. రోజూ చేసే పని చేసింది. ఆ రోజువారీ పనే ఇన్ని వేల ఏళ్ళు నిలిచింది.

ఇలాంటి బూడిద దిబ్బలు కృష్ణ, తుంగభద్రల నడుమ చాలా ఉన్నాయి. అవేమిటో తేల్చడానికి పెద్దలు నూరేళ్ళకు పైగా వాదించుకున్నారు. హంపీ దగ్గర నింబాపురంలోని దిబ్బను వాలిని దహనం చేసిన చోటని అక్కడివాళ్ళు చెబుతారు. సరే, అది భక్తి. కానీ తెల్లదొరల్లో కొందరు అగ్నిపర్వతం అన్నారు, కొందరు ఇనుము కరిగించిన కొలిమి చిట్టెం అన్నారు! రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇది పశువుల పేడ బూడిద అన్నాడు గానీ అందరూ ఒప్పుకోలేదు. చివరికి 1960లో జాయ్‌నర్ అనే ఆయన సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి, పేడేనని తేల్చాడు. పిడకల పొయ్యి ముందు కూర్చున్న ఏ ముసలమ్మను పిలిచి గుప్పెడు బూడిద చేతిలో పోసినా నిమిషంలో చెప్పేది కదా! అడిగినవాళ్ళేరీ?

ఆల్చిన్ 1963లో ఒక పెద్ద పుస్తకం రాశాడు. దక్షిణ భారతపు తొలి పశుపాలకుల గురించి. పేడ కుప్పలను ఊరికే తగలబెట్టలేదు, సంక్రాంతి మంటల్లాగా, హోళీ మంటల్లాగా అదొక పండుగ అయివుంటుందని ఆయన ఊహ. మంచి ఊహే. మన భోగిమంటల్లో పిడకల దండలు వేసే పిల్లలను చూస్తే ఎవరికైనా నిజమేననిపిస్తుంది. నా తగవు పండుగతో కాదు. పశువులు, వాటి కాపరి, కాపరి చేసుకున్న పండుగ, ఇన్నీ పుస్తకాలకెక్కాయి. మంటకు ముందు ఆ పెండను రోజూ ఎత్తి కుప్ప పోసిన మనిషి మాత్రం ఎక్కడా కనబడదు. పండుగ ఒక్కరోజు. పెండ మూడు వందల అరవై అయిదు రోజులు.

ఆ మనిషి దొరుకుతుంది. వెతికితే దొరుకుతుంది. నారాయణపేట జిల్లా సరిహద్దు దాటితే కర్ణాటకలో యాదగిరి జిల్లా. అక్కడ బూదిహాళ్‌లో డెక్కన్ కాలేజీ ప్రొఫెసర్ కె. పద్దయ్య 1990లలో ఏళ్ళ తరబడి తవ్వించాడు. ఆయన దొడ్డి దగ్గర ఆగిపోలేదు. దొడ్డి పక్కన ఇళ్ళెక్కడున్నాయో వెతికాడు. ఇళ్ళు బయటపడ్డాయి. రాతి పనిముట్లు చేసుకున్న చోటు, మాంసం కోసుకున్న చోటు బయటపడ్డాయి. పసిబిడ్డలను కుండల్లో పెట్టి ఇళ్ళ దగ్గరే పూడ్చిన గుంటలు బయటపడ్డాయి. దూరాన వల్లకాట్లో కాదమ్మా, ఇంటి దగ్గరే! ఈ ఒక్క సంగతి వెనక ఎంత దుఃఖముందో ఏ ఆడదానికైనా విడమరిచి చెప్పాలా? మాన్యఖేటం మీద ఎవరు దండెత్తారో నాకు గుర్తులేదు గానీ, ఆ కుండలు మాత్రం నేను మర్చిపోలేను.

ఇక వాళ్ళేం తిన్నారో వినండి. బళ్ళారి, కర్నూలు, కడప ప్రాంతాల్లోని ఆ కాలపు ఊళ్ళ మట్టి నుంచి డోరియన్ ఫుల్లర్ అనే శాస్త్రజ్ఞుడు మాడిన గింజలు వెలికి తీశాడు. ఉలవలు, పెసలు, అండుకొర్రలు! మా కోస్గి సంతలో నేటికీ పేరు చెబితే అర్థమయ్యే గింజలు. నాలుగు వేల ఏళ్ళ కిందటి ఉలవచారు! ఆ గింజలను ఎలా తీస్తారో తెలుసా? తవ్విన మట్టిని నీళ్ళ తొట్టిలో పోసి కలుపుతారు. మట్టి అడుక్కు పోతుంది. మాడిన గింజలూ, బొగ్గు ముక్కలూ పైకి తేలతాయి. వాటిని సన్నని జల్లెట్లోకి వంచి, నీడన ఆరబెట్టి, భూతద్దం కింద ఏరతారు. మనం బియ్యం కడిగేటప్పుడు పొట్టు తేల్చి వంచేయడం లేదూ? అదే! దానికి విశ్వవిద్యాలయంలో పట్టా ఇస్తారు. మనకి మాత్రం "ఇంట్లో ఊరికే ఉంటుంది" అని పేరు.

మీరు అనొచ్చు, "ఏమమ్మా, ప్రపంచంలో ఎక్కడైనా పశువుల దొడ్డికి ఇంత మర్యాద చేస్తారా?" అని. చేస్తారు. ఐర్లండులో చేస్తారు. అక్కడ వెయ్యిన్నర ఏళ్ళ కిందట ఒక్కొక్క రైతు కుటుంబం గుండ్రంగా మట్టికట్ట పోసుకుని, బయట కందకం తవ్వుకుని, లోపల ఇల్లూ పశువులూ పెట్టుకుని బతికేది. 'రాత్' అంటారు దాన్ని. ఇప్పటికీ ఆ దేశంలో అలాంటివి నలభై వేలకు పైగా గుర్తించారు. మన తెలంగాణలో సగమైనా లేని జనాభా, నలభై వేల దొడ్ల జాబితా! వాటిల్లో దేవతలు తిరుగుతారని రైతులు నాగలి పెట్టడానికి జంకేవాళ్ళు. ఆ జంకే చాలా వాటిని కాపాడింది. ఉత్తర ఐర్లండులో డీర్ పార్క్ ఫార్మ్స్ అనే చోట 1984 నుంచి 1987 వరకు తవ్వితే తడికెలతో అల్లిన గుండ్రటి ఇళ్ళు, ఓక్ చెక్క ద్వారబంధంతో సహా దొరికాయి. చెక్కలోని వలయాలు లెక్కపెట్టి ఆ చెట్టును 648వ సంవత్సరంలో నరికారని తేల్చారు. రాజుగారి పట్టాభిషేకం కాదు, ఒక రైతు ఇంటి గుమ్మానికి తారీఖు చెప్పగలిగారు!

ఇంకొక మాట. ఆ రైతుల సమాజంలో మనిషి పరువుని పాడి ఆవుల్లో లెక్కగట్టేవారు. 700 ప్రాంతపు వాళ్ళ ధర్మశాస్త్రం ఒకటుంది. మొగుడూ పెళ్ళాం విడిపోతే, పాడిలో ఆమె చేసిన పనికి ఎంత వాటా, నేతలో ఆమె చేసిన పనికి ఎంత వాటా అని విడివిడిగా లెక్క రాసింది. పెండ ఎత్తిన చేతికి, చల్ల చిలికిన చేతికి కూలి గట్టిన శాస్త్రమది. దొడ్డిని చరిత్రగా చూసే కన్ను ఉంటే దొడ్డిలో పనిచేసిన మనిషీ కనబడుతుంది. దొడ్డి కనబడని దేశంలో ఆ మనిషి ఎలా కనబడుతుంది చెప్పండి!

ఐర్లండులో రోడ్డు వేసేముందు ఆ దారి పొడుగునా అక్కడక్కడా సన్నని కందకాలు తీసి చూస్తారు. దీన్ని పరీక్ష తవ్వకం అంటారు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి కుండంతా కుమ్మరించం కదా, ఒక్క మెతుకు పట్టి చూస్తాం. అంతే. మెతుకులో ఏమీ లేకపోతే రోడ్డు వేసుకుంటారు. ఏదైనా కనబడితే ఆగి, సరిగ్గా తవ్వి, రాసుకుని, ఆ తర్వాత రోడ్డు వేసుకుంటారు.

మనకు చేతకాక కాదు. నాగార్జునసాగరం నీళ్ళు ముంచెత్తక ముందు, 1954 నుంచి 1960 వరకు, నాగార్జునకొండ లోయను తవ్వి చూసింది మనమే. అక్కడ బౌద్ధ స్తూపాలతోపాటు రాతి గొడ్డళ్ళ నాటి మనుషుల నివాసాలూ దొరికాయి. శ్రీశైలం ప్రాజెక్టు వచ్చినప్పుడు కూడలి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయి విప్పి ఆలంపురం తెచ్చి మళ్ళీ నిలబెట్టింది మనమే. మెచ్చుకోవలసిందే. అయితే గుడిని విప్పి మోసుకు రావచ్చు. పొయ్యి చుట్టూ గట్టిపడిన మట్టిని మోసుకు రాలేం. గుంజ గుంటను మోసుకు రాలేం. వాటిని ఉన్నచోట చూసి రాసుకోవడమొక్కటే దారి. ఆ అవకాశం ఒక్కసారే వస్తుంది.

ఇప్పుడు మా వంతు వచ్చింది. 2024 ఫిబ్రవరిలో మా కోస్గిలోనే నారాయణపేట–కొడంగల్ ఎత్తిపోతల పథకానికి ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. కృష్ణ నీళ్ళు మా ఎర్రనేలలకు, మా కందిచేలకు వస్తాయి. రావాలి! ఒకటికి పదిసార్లు చెబుతున్నాను, రావాలి. నీళ్ళు లేక బొంబాయి బస్సెక్కిన పాలమూరు కూలీల ఇళ్ళ మధ్య పెరిగిన దాన్ని నేను. కాలువ వద్దనడానికి నాకు నోరెలా వస్తుంది? నేను అడిగేది ఒక్కటే. జేసీబీ దిగేముందు ఒక్క మెతుకు పట్టి చూడండి.

ఒక పెళ్ళిలో ఒక ఇంజనీరు గారితో ఈ మాటే అన్నాను. ఆయన నవ్వి, "మేడమ్, దారిలో గుడి ఉంటే చెప్పండి, పక్కకు తిప్పుకుంటాం. దిబ్బలకేముంది? అన్నీ చదునే" అన్నాడు. మర్యాదస్తుడే పాపం! ఆయనకు నేర్పింది ఆయన చెప్పాడు. నిలబడి ఉన్నదే చరిత్ర, పడుకుని ఉన్నది మట్టి. మా జిల్లాలోనే ముడుమాలలో నిలువురాళ్ళున్నాయి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. చాలా సంతోషం. పన్నెండడుగుల రాయి నిటారుగా నిలబడితే ప్రపంచమంతా వచ్చి చూసింది. ఆ రాళ్ళు నిలబెట్టినవాళ్ళు ఎక్కడ వండుకున్నారు, ఎక్కడ పశువుల్ని కట్టేసుకున్నారు, ఎక్కడ కన్నారు? అదంతా పడుకుని ఉన్న చరిత్ర. మన ఇళ్ళలో మధ్యాహ్నం అరగంట నడుం వాల్చిన ఆడమనిషిని "ఏం పనీపాటా లేదా?" అన్నట్టే ఉంది ఈ వరస!

చట్టం లేదా అంటే ఉంది. నూరేళ్ళు దాటిన కట్టడాలనూ, స్థలాలనూ కాపాడడానికి 1958 నాటి చట్టం ఉంది. కానీ అది కాపాడేది ప్రభుత్వం ప్రకటించిన చోట్లనే. ప్రకటించాలంటే ముందు ఎవరో చూడాలిగా! 1878 నాటి నిధుల చట్టమొకటి ఉంది. భూమిలో పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి. ఈ చట్టం పేరు ఎరగకపోయినా గుప్తనిధుల సంగతి ఎరగని ఊరు లేదు. అర్ధరాత్రి పాత గుళ్ళలో నందుల కిందా, లింగాల కిందా తవ్వేసే మహానుభావులకు లోటూ లేదు. బంగారముందంటే పాతాళం దాకా తవ్వుతాం. బతుకుంది తవ్వి చూడండంటే మాత్రం "బూడిదలో ఏముందమ్మా" అంటాం. బళ్ళారి వైపు ఎన్నో బూడిద దిబ్బలను ఎరువు కోసం బళ్ళకెత్తుకు పోయారు. ఎత్తుకుపోయిన రైతును నేను తిట్టను. ఆయన పొలానికి ఎరువు కావాలి. అది ఎరువు మాత్రమే కాదని ఆయనకు చెప్పవలసినవాళ్ళు ఎక్కడున్నారు? వాళ్ళను తిడతాను.

ఇంకో మాట కూడా అంటారు. "దేశంలో ఇన్ని సమస్యలుండగా ఈ పాత దొడ్ల గోలెందుకు?" అని. ఆడవాళ్ళ విషయం ఏది ఎత్తినా ఈ జవాబు సిద్ధంగా ఉంటుంది, గమనించారా? చదువు అన్నా ఇదే, ఆస్తిలో వాటా అన్నా ఇదే. పెద్ద సమస్యలు తీరాక చిన్నవి చూద్దామంటారు. ఆ పెద్దవి తీరవు, మన వంతు రాదు. పైగా దీనికయ్యే ఖర్చెంత? కాలువ తవ్వకానికి వేలకోట్లు. రెండు మీటర్ల వెడల్పు కందకాలు అక్కడక్కడా తీసి, మట్టి జల్లించి, పొరల బొమ్మ గీసుకోవడానికి ఆ లెక్కలో చిల్లర కూడా కాదు. శంకుస్థాపనల పూలదండల ఖర్చు మిగిల్చినా చాలేమో!

ఎక్కడ తవ్వాలో తెలియడమెలా అంటారా? ఆడవాళ్ళనడగండి. కలుపుకు వంగినప్పుడు చేతికి తగిలిన కుండపెంకు ఏ చేలో ఎక్కువో వాళ్ళకు తెలుసు. నూనెలా నున్నగా అరిగిన రాతి గొడ్డలి తెచ్చి గుళ్ళో దేవుడి పక్కన పెట్టింది ఏ చెలకలోంచో వాళ్ళకు తెలుసు. పాటిమన్ను తెచ్చి ఇల్లలికే మనిషికి ఏ దిబ్బ మన్ను మామూలు మన్ను కాదో తెలుసు. పాటిదిబ్బ, బూడిదగడ్డ, పాతూరు, ఈ పేర్లు ఊరికే పుట్టాయా? సర్వే పటంలో ఆ పేర్లుండవు. నీళ్ళ బిందెలు మోసిన దారుల్లో ఉంటాయి. ఇంజనీరు గారు పటం పట్టుకుని ఊళ్ళోకి వచ్చినప్పుడు సర్పంచి ఇంట్లో చాయ తాగి వెళ్ళిపోకుండా, నాట్లేస్తున్న గట్టుమీద పది నిమిషాలు కూర్చుంటే చాలు.

మరి తవ్వకం మొదలైతే మట్టి తట్టలు మోసేదెవరు? ఆడకూలీలే! దేశంలో ఏ తవ్వకం ఫోటో అయినా చూడండి, తలమీద తట్టతో ఒక ఆడమనిషి వెనక ఎక్కడో కనబడుతుంది. ముందు టోపీ పెట్టుకున్న ఆఫీసరు నిలబడి ఉంటాడు. కింద ఆయన పేరే ఉంటుంది. ఆ తట్ట మోసే మనిషికి మూడు రోజులు నేర్పండి. మన్ను రంగు మారితే పార ఆపాలని, గింజ తేలితే పారబోయకూడదని చెప్పండి. చేటలో రాయీ గింజా వేరు చేసే చేతులవి. ఎవరికన్నా తీసిపోతాయా?

కాబట్టి నేను అడిగేవి మూడు. కాలువ దారి పొడుగునా, మట్టి తియ్యకముందే పరీక్ష తవ్వకాలు జరగాలి. దిబ్బల పేర్లు ఊరి ఆడవాళ్ళనడిగి రాసుకోవాలి, పని తెలిసిన వాళ్ళకు అందులో పనీ, పేరూ రెండూ ఇవ్వాలి. మా పిల్లల పుస్తకంలో శాతవాహనులకు ముందు ఒక్క పేజీ ఉట్నూరుకు కేటాయించాలి. గుంజ గుంటల బొమ్మ, గిట్టల గుర్తుల బొమ్మ వెయ్యాలి.

ఆ పేజీ చదివిన పిల్ల రేపు వాళ్ళమ్మ కొట్టంలోంచి పెండ తట్టతో వస్తుంటే ముక్కు మూసుకోదు. ఆ తట్ట వయసెంతో దానికి తెలిసి ఉంటుంది. తెలిసిన పిల్ల తల్లిని "నీకేం తెలుసమ్మా" అనదు. నాకు కావలసిన చరిత్ర అది. దానికోసం ఒక్క కందకం తియ్యమంటున్నాను. కాలువలు తవ్వేవాళ్ళకు కందకమొక లెక్కా?